మోకాలి లెక్క చీలమండకు చెల్లదు

మా అక్కకు 2019లో ఎడమ చీలమండ కీలు మార్చారు. నాకు అంతకు రెండేళ్ల ముందు, అదే ఎడమ చీలమండలో ఎముకల్ని ఒకదానికొకటి అతికించి ఇక కదలకుండా బిగించారు. పండక్కి ఇంటికొచ్చిన చుట్టాలు ఇద్దరి కాళ్లూ చూసి ప్రతిసారీ ఒకే మాట అడుగుతారు. "అక్కకు కొత్త కీలు వేయించావు, నువ్వెందుకురా కీలు చంపేసుకున్నావు? డబ్బు చాలకా?" ప్రేమతోనే అడుగుతారు. కానీ ఆ ప్రశ్న వెనక ఒక నమ్మకం ఉంది. మార్పిడి అంటే మేలురకం వైద్యం, అతికింపు అంటే గతిలేక చేసేది అని. ఆ నమ్మకం తప్పు. అది మనకు మోకాళ్ల నుంచి వచ్చింది.

మా వీధిలోనే మోకాళ్లు మార్పించుకున్నవాళ్లు నలుగురున్నారు. రెండోరోజే వాకర్ పట్టుకుని నడిచారు, మూడు నెలలు తిరిగేసరికి పెళ్లిళ్లకూ పేరంటాలకూ తిరుగుతున్నారు. అది చూసి చూసి, కీలు అరిగితే మార్చేయడమే అన్న లెక్క అందరి మనసుల్లో స్థిరపడిపోయింది. చీలమండ దగ్గరికొచ్చేసరికి ఆ లెక్క పనిచేయదు. అది తెలియక కొందరు అక్కర్లేని ఆపరేషన్ కోసం తిరుగుతున్నారు. ఇంకొందరు, చేయించుకోవాల్సినవాళ్లు, ఇలాంటిదొకటి ఉందనే తెలియక పదేళ్లు కుంటుతూ బతుకుతున్నారు. ఈ రెండు రకాలవాళ్లనూ నేను కళ్లారా చూశాను కాబట్టే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

అసలు మన మాటల్లోనే ఈ కీలుకు చోటు తక్కువ. అక్క మొదట్లో ఏ డాక్టరు దగ్గరికెళ్లినా "మడమ నొప్పండీ" అనేది. వాళ్లు పాదం అడుగున నొక్కి చూసి, మెత్తటి చెప్పులు వేసుకోమని పంపించేవారు. మడమంటే వెనకవైపు నేలకు ఆనే భాగం. చీలమండంటే ఆడవాళ్లు పట్టీలు పెట్టుకునే చోటు, ఇటూ అటూ గుండ్రంగా పొడుచుకొచ్చిన రెండు ఎముకల మధ్య ఉండే కీలు. ఆ ఒక్క మాట తేడాతో అక్కకు దాదాపు ఏడాది పోయింది. ఇది చదివేవాళ్లలో ఎవరికైనా అక్కడ నొప్పి ఉంటే, పేరు కోసం తడుముకోకుండా వేలు పెట్టి చూపించండి.

ఇప్పుడు ఆ కీలు సంగతి. మోకాలి కింద ఉండే రెండు ఎముకలూ కలిసి ఒక గూడులా ఏర్పడితే, ఆ గూట్లో టాలస్ అనే ఎముక ఇమిడి ఉంటుంది. నడిచేటప్పుడు ఆ చిన్న జాగా మీద మన బరువుకు దాదాపు 5 రెట్ల భారం పడుతుంది. ఎముకల చివర్లను కప్పే మృదులాస్థి పొర మోకాలి దగ్గర కొన్నిచోట్ల 6 మిల్లీమీటర్ల మందం ఉంటే, ఇక్కడ ఒకటీ ఒకటిన్నర మిల్లీమీటరే. ఇంత పలచటి పొర, ఇంత బరువు. అయినా వయసు మీద పడినంత మాత్రాన చీలమండ అరగదు. ఆ గూటికీ టాలస్‌కూ అంత చక్కటి పొందిక ఉంటుంది. దాన్ని పాడుచేసేది ఎక్కువగా దెబ్బే. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం వైద్యులు బాగా ముదిరిన చీలమండ ఆర్థరైటిస్ కేసులు 639 పరిశీలించి 2005లో లెక్క చెప్పారు. వాటిలో 70 శాతం ఎప్పుడో ఎముక విరగడం వల్లో బెణుకుల వల్లో వచ్చినవి, 12 శాతం రుమటాయిడ్ కీళ్లవాతం వల్ల. ఏ కారణమూ కనిపించకుండా అరిగినవి 7 శాతమే.

అసలు తేడా అంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది. మోకాలు మార్పించుకునేవాళ్లు సాధారణంగా అరవై దాటినవాళ్లు. చీలమండ పాడైనవాడు ఇరవై అయిదేళ్లప్పుడు బండి మీంచి పడి, నలభై అయిదేళ్లకు కుంటడం మొదలుపెట్టినవాడు. అతనికింకా పిల్లల చదువులున్నాయి, పొలం ఉంది, ఉద్యోగం ఉంది. అతనికి పెట్టే కీలు ముప్పై ఏళ్లు మొయ్యాలి.

నాది సరిగ్గా అలాంటి కథే. ఉమ్మడి పశ్చిమ గోదావరి మెట్ట ఊళ్లలో పశువుల ఆసుపత్రి ఉద్యోగం నాది. 2004 వానాకాలంలో కంకర రోడ్డు మీద బండి జారింది, కాలు దాని కింద పడింది. చీలమండకు రెండు పక్కలా ఎముక విరిగితే ప్లేటు, స్క్రూలు వేశారు. ఎముకలు అతుక్కున్నాయి, నాలుగు నెలల్లో డ్యూటీలో చేరాను. ఎవరూ గమనించని సంగతేంటంటే, కింది కాలి రెండు ఎముకల్నీ కట్టి ఉంచే నరంలాంటి బంధం తెగి, వాటి మధ్య సందు కాస్త పెరిగింది. కాస్తంటే కాస్తే. ఆ "కాస్త" ఎంత పని చేస్తుందో చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. 1976లో రామ్సే, హామిల్టన్ అనే ఇద్దరు చేసిన ప్రయోగం ఎముకల వైద్యులందరికీ కంఠతా వచ్చు. టాలస్ 1 మిల్లీమీటరు బయటికి జరిగితే చాలు, కీలులో ఎముకలు ఒకదానికొకటి ఆనే వైశాల్యం 42 శాతం తగ్గిపోతుంది. అంటే అదే బరువు దాదాపు సగం జాగా మీద పడుతుంది. పదేళ్లు అలా నడిస్తే ఏ పొర మిగులుతుంది?

నొప్పి మొదలయ్యాక తీసిన ఎక్స్‌రేలన్నీ నన్ను బల్ల మీద పడుకోబెట్టి తీసినవే. పడుకుంటే కీలు మీద బరువుండదు, సందు బాగానే కనిపిస్తుంది. "ఏం లేదండీ, పాత దెబ్బ, చలికి లాగుతుంది" అన్నారు. మూడేళ్ల తర్వాత ఒక డాక్టరు "నిలబడి తీయించుకురండి" అన్నాడు. నిలబడేసరికి ఆ ఫిల్ములో ఎముక మీద ఎముక కూర్చుని ఉంది. చీలమండకు ఎక్స్‌రే తీసేటప్పుడు, కాలు మోపగలిగితే నిలబడే తీయించుకోవాలి. ఈ ఒక్క మాట గుర్తుంచుకున్నా ఈ వ్యాసం రాసిన శ్రమ నాకు దక్కినట్టే.

ఆ మూడేళ్లూ నేను ఊరికే కూర్చోలేదు. ఒక చోట సొంత రక్తం తీసి, తిప్పి, అందులోని ప్లేట్‌లెట్లను కీలులోకి ఎక్కించే ఇంజెక్షన్ మూడుసార్లు చేయించుకున్నాను. పీఆర్పీ అంటారు. మన నగరాల్లో బోర్డులు పెట్టి మరీ చేస్తున్నారు. నెదర్లాండ్స్‌లో చీలమండ ఆర్థరైటిస్ ఉన్న 100 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు పీఆర్పీ, ఇంకో గుంపుకు ఉత్త ఉప్పునీళ్లు ఎక్కించి చూశారు. 2021లో ఫలితాలు వచ్చాయి. ఆరు నెలల తర్వాత రెండు గుంపులకూ తేడా లేదు. ఆ సంగతి తెలిసేటప్పటికి నా డబ్బు పోయి చాలాకాలమైంది. డబ్బు సంగతి అటుంచితే, ఆశ పెట్టుకుని ఎదురుచూసిన నెలలు నాకు ఎక్కువ బాధ. ఇంజెక్షన్లకు పెట్టే డబ్బులో కొంత పెట్టి మంచి గట్టి బూటు, అడుగుభాగం పడవలా గుండ్రంగా తిరిగిన సోలు, చీలమండను పట్టి ఉంచే బ్రేస్ కొనుక్కుంటే చాలామందికి ఆపరేషన్ ఏళ్ల తరబడి వాయిదా పడుతుంది. నాకు ఆ బ్రేస్ రెండేళ్లు ఇచ్చింది.

ఇక ఆపరేషన్ల సంగతి. అతికింపు పాతకాలపు మొరటు పని అనుకునేవాళ్లకు ఒక విషయం చెప్పాలి. ఈనాటి తుంటి మార్పిడికి ఆద్యుడు ఇంగ్లండుకు చెందిన జాన్ చార్న్లీ. కీలు మార్చడం ప్రపంచానికి నేర్పిన ఆ మనిషే, 1951లో చీలమండ ఎముకల్ని ఒత్తిపట్టి అతికించే పద్ధతి మీద వ్యాసం ప్రచురించాడు. తుంటి మార్పిడి విజయం చూసి చీలమండకూ అదే చేద్దామని 1970లో ఫ్రాన్సులో లార్డ్, మారోట్ అనేవాళ్లు ప్రయత్నించారు. తుంటికి వేసే కృత్రిమ కీలుకుండే పొడవాటి కాడనే తలకిందులు చేసి కాలి ఎముకలోకి దింపారు. 25 మందికి చేస్తే 12 మందికి విఫలమైంది. ఆ దశాబ్దంలో వచ్చిన రకరకాల కీళ్లు సిమెంటు ఊడిపోయి, ఎముక కుంగిపోయి ఒకదాని తర్వాత ఒకటి మూలపడ్డాయి. వేరే కీలు కోసం నేర్చుకున్న లెక్కను తెచ్చి చీలమండకు వేయడం అప్పుడే మొదలైంది, మనం ఇప్పుడు చేస్తున్నదీ అదే.

తర్వాత వచ్చినవి నయం. డెన్మార్క్ డాక్టరు హాకాన్ కోఫోడ్ 1978 నుంచి రూపుదిద్దుతూ వచ్చిన స్టార్ అనే కీలులో పైన ఒక లోహపు రేకు, టాలస్ మీద ఒక లోహపు టోపీ, మధ్యలో జారే ప్లాస్టిక్ ముక్క ఉంటాయి. అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ అనే ప్రభుత్వ సంస్థ దానికి 2009లో అనుమతి ఇచ్చింది. అదే ఎఫ్‌డీఏ 2021లో, ఆ ప్లాస్టిక్ ముక్క అనుకున్నదానికంటే ఎక్కువగా, కొందరిలో మూడు నాలుగేళ్లకే విరుగుతోందని హెచ్చరిక ఇచ్చింది. ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్ కదలకుండా స్థిరంగా ఉండే రకాలు వాడుతున్నారు. ఎంతకాలం నిలుస్తాయి? ఎన్నో అధ్యయనాలను కలిపి 2013లో చేసిన సమీక్షలో 10 ఏళ్లకు 89 శాతం నిలిచాయి. స్వీడన్ దేశపు రిజిస్ట్రీలో, అంటే దేశంలో వేసిన కీళ్ల వివరాలు రాసి ఉంచే చిట్టాలో, 2010 దాకా నమోదైన 780 కీళ్లలో 10 ఏళ్లకు నిలిచినవి 69 శాతమే. మోకాలైతే 95 శాతానికి అటూ ఇటూ ఉంటుంది. ఈ అంకెలు చూసి భయపడమని కాదు. మోకాలి ధైర్యంతో ఇందులోకి దిగొద్దని మాత్రమే.

మరి నేరుగా పోల్చి చూసినవాళ్లు లేరా? ఉన్నారు. బ్రిటన్‌లో 50 నుంచి 85 ఏళ్ల మధ్యవాళ్లు 303 మందిని చీట్లు తీసినట్టు రెండుగా విడదీసి, సగం మందికి మార్పిడి, సగం మందికి అతికింపు అని నిర్ణయించారు. టార్వా అని ఆ పరిశోధన పేరు. ఫలితాలు 2022లో వచ్చాయి. ఏడాది తర్వాత నడక, నిలబడటం రెండు గుంపుల్లోనూ బాగా మెరుగుపడ్డాయి. రెంటి మధ్యా కచ్చితంగా ఇదే మేలని చెప్పగలిగినంత తేడా రాలేదు. మార్పిడి చేసినవాళ్లలో గాయం మానడంలో ఇబ్బందులు 13 శాతం మందికి, అతికించినవాళ్లలో 6 శాతం లోపు. అతికించినవాళ్లలో కొందరికి ఎముక అతుక్కోలేదు. స్థిరమైన ప్లాస్టిక్ రకం వాడినవాళ్లను మాత్రమే తీసి విడిగా లెక్కిస్తే మార్పిడి కాస్త మెరుగ్గా కనిపించింది. ఇది ఒక్క ఏడాది లెక్క, యాభై దాటినవాళ్ల లెక్క. పశువుల వెనక పరిగెత్తే 49 ఏళ్లవాడి ఇరవై ఏళ్ల లెక్క ఇందులో లేదు.

నా డాక్టరు నన్ను అడిగిన మొదటి ప్రశ్న నొప్పి గురించి కాదు. "రోజంతా ఏం చేస్తారు?" అని. చెప్పాను. గట్ల మీద నడుస్తాను, పశువును పట్టుకుంటాను, అది తన్నితే పక్కకు దూకుతాను, సంచి మోస్తాను. ఆయన నా మడమను పట్టుకుని కుడికీ ఎడమకీ వంచి చూశాడు. టాలస్‌కూ మడమ ఎముకకూ మధ్యనున్న కీలు చక్కగా కదులుతోంది. "పక్క కీలు బాగుంది. పైది అతికించినా గట్టు మీద పాదం సర్దుకుంటుంది. కొత్త కీలు పెడితే మీ పనికి పదేళ్లకే అరగ్గొడతారు. అప్పుడు దాన్ని తీసి అతికించాలంటే మధ్యలో ఎముక మిగలదు" అన్నాడు. నాకు ఆ మాట నచ్చింది. ఆయన ఇంకోటి కూడా దాచకుండా చెప్పాడు. అతికించిన కీలు చేయని పనిని పక్క కీళ్లు చేస్తాయి కాబట్టి అవి ముందే అరుగుతాయి. అతికింపు జరిగి సగటున 22 ఏళ్లు గడిచిన 23 మందిని చూసి 2001లో ప్రచురించిన అధ్యయనంలో, చాలామందికి అదే కాలి పక్క కీళ్లలో ఆర్థరైటిస్ వచ్చింది. నాకూ రావచ్చు. తెలిసే ఒప్పుకున్నాను.

ఆరు వారాలు కాలు నేలకు ఆన్చలేదు. మూడో నెల ఎక్స్‌రేలో ఎముక అతుక్కోవడం చూసి బయటికొచ్చి ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. పదమూడేళ్లలో నొప్పి లేని మొదటి నెల అది.

ఏం పోయిందో కూడా చెప్పాలి, లేకపోతే ఇది ప్రకటన అవుతుంది. గేరు బండి పోయింది. మన బండ్లకు గేరు ఎడమ పాదంతో మార్చాలి, నా ఎడమ పాదం పైకీ కిందికీ ఆడదు. గేర్లు లేని స్కూటీకి మారాను. గొంతుక్కూర్చోవడం పోయింది. ఈనుతున్న ఆవు దగ్గర మునుపు గంటసేపు గొంతుక్కూర్చునేవాణ్ణి, ఇప్పుడు చిన్న పీట వెంట తీసుకెళ్తాను. బూటేసుకుంటే నా నడకలో తేడా కొత్తవాళ్లకు తెలియదు, వట్టికాళ్లతో మాత్రం తెలుస్తుంది. గుడి మెట్లు ఎక్కడం సులువే, దిగడం కష్టం. దిగేటప్పుడు వెనకున్న పాదం వంగాలి, అది వంగదు. పక్కకు తిరిగి దిగుతాను. ఇవన్నీ నిజంగా పోయినవే, కొన్నిటికి ఇప్పటికీ బాధగానే ఉంటుంది. గట్ల మీద నడక మాత్రం తిరిగొచ్చింది. నాకు కావలసింది అది.

అక్క విషయం పూర్తిగా వేరు. ఆమెకు ముప్పై ఎనిమిదో ఏట నుంచి కీళ్లవాతం. చేతి వేళ్లు, మణికట్లు, రెండు పాదాలు. ఆమె చీలమండ కింది కీలు అప్పటికే బిగుసుకుపోయింది, పాదం మధ్య కీళ్లూ అంతే. అలాంటి కాల్లో పైదాన్ని కూడా అతికిస్తే పాదం మొత్తం ఒక కర్రముక్క అవుతుంది. కుడి చీలమండ కూడా ఏదో ఒకరోజు పాడవుతుందని తెలుసు. రెండు చీలమండలూ బిగిసిన మనిషి కుర్చీలోంచి లేవడానికీ, మెట్లెక్కడానికీ ఎంత కష్టపడుతుందో ఊహించండి. అక్క 48 కిలోల మనిషి. ఇల్లు, పెరడు, వీధి చివర గుడి. ఆమె మొయ్యమనే బరువు కొత్త కీలు మొయ్యగలదు. అందుకే హైదరాబాదులో మేనకోడలి దగ్గర ఉంచి మార్పించాం.

అయినా అది తేలిగ్గా జరగలేదు. చీలమండ ముందువైపు కోస్తారు. అక్కడ చర్మం కింద కండ ఉండదు, నేరుగా నరాలు, ఎముక. వాతానికి వాడే మందుల వల్ల ఆమె చర్మం మరీ పలచన. కుట్లలో ఒకచోట పుండు పడి, మానడానికి పది వారాలు పట్టింది. ఆ పది వారాలు మేనకోడలు రోజూ రాత్రి ఫోటో తీసి డాక్టరుకు పంపేది, నేను అది చూసి నిద్రపోయేవాణ్ణి. మానింది. ఇప్పుడు అక్క వంటింట్లో నిలబడి పొద్దున్న టిఫిను తనే చేస్తుంది. "ఒరేయ్, దోసె తిరగేసే దాకా కాలు గుర్తు రావట్లేదురా" అంది ఒకరోజు. నాకు అంతకంటే పెద్ద రిజిస్ట్రీ అక్కర్లేదు.

ఇక్కడే చాలామంది పొరబడే సంగతొకటి. కొత్త కీలు పెట్టారు కదా, అక్క నేల మీద గొంతుక్కూర్చోగలదా? లేదు. మార్పిడి నొప్పి తీస్తుంది, పోయిన వంపును పెద్దగా తిరిగివ్వదు. ఆపరేషన్‌కు ముందు ఎంత వంగేదో దాదాపు అంతే మిగులుతుంది. పైకీ కిందికీ కలిపి ఏ 30 డిగ్రీలకో అటూ ఇటూ. నడవడానికి అది చాలు, గొంతుక్కూర్చోవడానికి చాలదు. నేల మీద కూర్చోవడం కోసమే, ఇండియన్ టాయిలెట్ కోసమే మార్పిడి కావాలనుకునేవాళ్లు ఈ మాట ముందే తెలుసుకోవాలి. ఇద్దరి ఇళ్లలోనూ కమోడ్లు పెట్టించాం. ఆ విషయంలో అక్కకూ నాకూ తేడా ఏమీ లేదు.

షుగరు ఉన్నవాళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, మన దగ్గర వాళ్లు ఇంటికొకరు. షుగరు వల్ల పాదంలో స్పర్శ పోయి, నొప్పి తెలియకుండానే ఎముకలు చితికిపోయే స్థితిని షార్కో కీలు అంటారు. అలాంటి కాల్లో మార్పిడి చేయకూడదు, స్పర్శ లేని కాలు కొత్త కీలును నిలవనివ్వదు. కాల్లోకి రక్తం సరిగ్గా దిగనివాళ్లకు, కీలులో చీము పట్టిన చరిత్ర ఉన్నవాళ్లకు, దెబ్బ వల్ల టాలస్ రక్తం అందక చచ్చిపోయినవాళ్లకు కూడా మార్పిడి అంటే చాలా ఆలోచించాలి. సిగరెట్ తాగేవాళ్లకు అతికించిన ఎముక అతుక్కోవడమూ కష్టమే. నేను ఆపరేషన్‌కు ఆరు నెలల ముందు మానేశాను. ఇరవై ఏళ్ల అలవాటు.

డబ్బు మాట దాటేయలేను. 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం మోకాలి ఇంప్లాంట్లకు ధర పరిమితి పెట్టింది. మోకాలు మార్పించుకునే కుటుంబాలకు అది పెద్ద ఊరట. ఆ ఉత్తర్వు మోకాళ్ల వరకే. చీలమండ కీలు వేయించుకునేవాళ్లు తక్కువ, చేసేవాళ్లు ఇంకా తక్కువ, అడిగే గొంతు లేదు. తక్కువమంది రోగం కాబట్టి తక్కువ బాధ అనుకోకండి. కెనడా వైద్యులు 2008లో పోల్చి చూస్తే, ముదిరిన చీలమండ ఆర్థరైటిస్ మనిషిని కుంగదీసే తీరు ముదిరిన తుంటి ఆర్థరైటిస్‌కు ఏమాత్రం తీసిపోలేదు. తుంటికి దొరికే శ్రద్ధ దీనికీ దొరకాలని అడగడం న్యాయమే.

ఇంకోటి, డాక్టరును అడగడానికి మొహమాటపడే ప్రశ్న. "ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారండీ?" మోకాళ్లు వేలకొద్దీ చేసిన చెయ్యి గొప్పదే, కానీ అది చీలమండ అనుభవం కాదు. నేను అక్క కోసం ముగ్గురిని అడిగాను. ఒకాయన కోప్పడ్డాడు. ఒకాయన నవ్వి మాట మార్చాడు. మూడో ఆయన లెక్క చెప్పి, తను చేసినవాటిలో రెండు తీసి అతికించాల్సి వచ్చిందని కూడా చెప్పాడు. ఆయన దగ్గరే చేయించాం.

ఇప్పుడు అక్క కుడి చీలమండ వాస్తోంది. "ఎడమది బాగుందిగా, దీన్నీ మార్పించెయ్యరా" అంటోంది. నాకూ అనేయాలనే ఉంది. కానీ ఆ కాలికి మడమ బయటికి వాలిపోయి ఉంది. ముందు దాన్ని సరిచేయాలేమో, పై కీలు పని రెండో ఆపరేషన్‌లో చూడాలేమో, లేదా ఇంకొన్నాళ్లు బ్రేస్‌తో నెట్టుకురావచ్చేమో. ఎడమకాలికి సరిపోయింది కదా అని కుడికాలికీ అదే అంటే, నేను చుట్టాలతో ఇన్నాళ్లూ వాదిస్తున్నదేమిటి? వచ్చే నెల హైదరాబాదు వెళ్తున్నాం. మేనకోడలు పాత ఫిల్ములన్నీ కవర్లో సర్దింది. పోయిన వారం ఏలూరులో కొత్తవి తీయించాం. టెక్నీషియన్ కుర్రాడు బల్ల చూపించి "పడుకోండమ్మా" అన్నాడు. అక్క కర్ర నా చేతికిచ్చి, గోడ పట్టుకుని, "నిలబడే తియ్యి బాబూ" అంది.